రిలే లేని దీపాలు

షాపులో అందరికీ ఆమె వదినే. షాపు నడిపే మేస్త్రి ఆమె మొగుడి తమ్ముడు కాబట్టి అతను అలా పిలవడం న్యాయమే. అతన్ని చూసి ఇంజన్లు విప్పే మెకానిక్కులూ, వాళ్ళని చూసి ఎదురుగా టీ అమ్మేవాడూ, చివరికి ఆమె కన్నా పదేళ్ళు పెద్దవాడైన పంచర్ల తాత కూడా వదినా అనే పిలుస్తారు. ఇంతమంది మరుదులున్న ఆడది ఇంకెక్కడా ఉండదని ఆమె అప్పుడప్పుడు నవ్వుకుంటుంది. ఆ మరుదుల్లో ఒక్కడికీ బండి వైరింగు ముట్టుకునే ధైర్యం లేదు. అది ఆమె పని. షాపు వెనక భాగంలో రేకు అడ్డం పెట్టిన చోట ఒక స్టూలు, ఒక బల్ల, బల్ల మీద సోల్డరింగు కడ్డీ, గోడ మేకులకి వేలాడే రంగురంగుల వైరు చుట్టలు. ముందు వైపు నిలబడే బండ్ల వాళ్ళకి ఇవేవీ కనపడవు. చీకటి బండి రేకు వెనక్కి వెళ్తుంది, వెలుగుతూ బయటికొస్తుంది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ మెప్పు తీసుకుంటాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

ఆ సోమవారం పొద్దున లెక్కల మాస్టారు బండి తెచ్చాడు. ఆయన బడి కొండకి అవతల ఉంది. మంచు రోజులు మొదలయ్యాయి. పొద్దున పూట కొండ దారిలో పక్కనున్న మనిషి కూడా కంటికి ఆనడం లేదని, బండికున్న దీపం చాలడం లేదని, అట్టపెట్టెలో రెండు అదనపు దీపాలు కొనుక్కొచ్చాడు. మరిది ఆ పెట్టె తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"వదినా, మాస్టారివి. ఇవాళే బిగించి ఇచ్చెయ్యాలి."

ఆమె కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, దీపం వెనకున్న చిన్న అక్షరాలు చదివింది. ఒక్కోటి నలభై వాట్లు. రెండూ కలిపి ఎనభై. బండి అసలు దీపమే ముప్పై అయిదు. పెట్టె తలకిందులు చేసి దులిపింది. నాలుగు బోల్టులు, రెండు క్లాంపులు, ఒక స్విచ్చి పడ్డాయి.

"ఇందులో రిలే లేదేంటయ్యా?"

రిలే అంటే సగం అగ్గిపెట్టె అంత నల్ల డబ్బా. స్విచ్చి దగ్గర నుంచి చిటికెడు కరెంటు తీసుకుని, బ్యాటరీ నుంచి దీపాలకి పెద్ద కరెంటుని వదిలే తలుపు అది. అది లేకపోతే ఆ పెద్ద కరెంటంతా హ్యాండిలు దగ్గరున్న సన్న వైర్లలోంచే పోవాలి.

"లేకపోతే ఏం? హెడ్‌లైట్ వైరులో కలిపెయ్. అరగంట పని."

"ఆ వైరు ఈ రెంటినీ మొయ్యదు. మన దగ్గర రిలేలు అయిపోయి నెలయింది, తెప్పించమని చెబుతూనే ఉన్నాను. రేపటికి తెప్పించు, పద్ధతిగా వేసిస్తాను. రిలే లేకుండా వెయ్యనని చెప్పు ఆయనకి."

మరిది మెడ వెనక రుద్దుకుంటూ ముందుకి వెళ్ళాడు. కంప్రెసరు మోతలో మాటలేవీ వినపడలేదు. రేకు సందులోంచి చూస్తే మరిది ఏదో చెప్పడం, మాస్టారు గడియారం చూసుకోవడం, తరవాత ఏదో అని నవ్వడం కనపడ్డాయి. మరిది కూడా నవ్వాడు. తిరిగి వచ్చేసరికి ఆ నవ్వు లేదు.

"కుదరదు వదినా. కలిపెయ్."

"అసలు చెప్పావా?"

"చెప్పడాలూ వినడాలూ తరవాత. ముందు నువ్వు పని కానివ్వు," అని వెళ్ళిపోయాడు.

చెప్పి ఉండడనుకుంది. ఎదుటివాడు ఎక్కడ బండి తిప్పుకుని పోతాడోనని అతనెప్పుడూ ఇంతే. కిందటి వారం ఒక ఎర్రబండి హారను దగ్గర ఇలాంటి గొడవే అయింది. అంతకు ముందు వారం ఇండికేటర్ల దగ్గర. ప్రతి బండికీ ఒక యుద్ధం చెయ్యాలంటే మనిషికి ఎన్ని ప్రాణాలుండాలి? మోకాళ్ళు పీకుతున్నాయి. ఇంకా రెండు బళ్ళు వరసలో ఉన్నాయి. ఆమె నిట్టూర్చి స్పానరు అందుకుంది.

ముందున్న ఇనప గార్డుకి రెండు వైపులా క్లాంపులు బిగించింది. దీపాలు తగిలించింది. హెడ్‌లైట్ గిన్నె విప్పి, లోపలున్న వైర్ల గుత్తిలోంచి హెడ్‌లైట్ వైరు ఏరి, బ్లేడుతో అంగుళం మేర తోలు ఒలిచింది. కొత్త వైరు దానికి చుట్టి, సోల్డరు పెట్టి, పైన ఇన్సులేషను టేపు గట్టిగా చుట్టింది. హ్యాండిలు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, మెడ దగ్గర వైరు లాగడం లేదని చూసుకుంది. పని తప్పుదే గాని, చేసిన తీరులో వంక పెట్టడానికి లేదు. అదే ఆమెకి ఇంకా చిరాకు తెప్పించింది.

తాళం తిప్పి స్విచ్చి వేస్తే రెండు దీపాలూ భగ్గున వెలిగాయి. అయిదు నిమిషాలు అలాగే ఉంచి, స్విచ్చి కింద వైరు రెండు వేళ్ళతో పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"వైరు వేడెక్కుతోందయ్యా," అంది మరిదిని కేకేసి.

"పని చేసేది ఏదైనా వేడెక్కుతుంది వదినా. నువ్వు వేడెక్కట్లేదూ?" అని నవ్వేసి, అతను బండి తోసుకుపోయాడు.

సాయంత్రం ఇంట్లో మొగుడు మంచం మీద కూర్చుని ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన చూపు పూర్తిగా పోయి ఆరేళ్ళు. ఒకప్పుడు ఆ స్టూలు ఆయనది. చూపు తగ్గుతున్న రోజుల్లో ఆయన చెబుతూ ఉంటే ఆమె చేతులు చేసేవి, పని అలాగే వచ్చింది. ఇప్పటికీ ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చోగానే, ఇవాళ ఏం బళ్ళొచ్చాయని అడుగుతాడు. ఆమె వైరు వైరూ వరసగా చెబుతుంది. ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. మూసుకున్నా తెరిచినా ఆయనకి ఒకటే గాని, అదో అలవాటు.

"ఎనభై వాట్లా? రిలే ఎక్కడ బిగించావు?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. "సీటు కింద, బ్యాటరీ పక్కన."

"దాని ఇత్తడి కాళ్ళు కిందికి ఉండేటట్టు పెట్టావా? లేకపోతే నీళ్ళు దిగుతాయి."

"పెట్టాను."

"ఫ్యూజు?"

"బ్యాటరీకి జానెడు దూరంలో."

ఆయన తృప్తిగా తలూపాడు. ఆమెకి ఆ పూట అన్నం సయించలేదు. వెయ్యని రిలేకి కాళ్ళు కిందికి పెట్టడం కూడా అయింది అనుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

*

గురువారం పొద్దున మాస్టారి బండి ట్రాలీ మీద వచ్చింది. పక్కన మాస్టారు. కుడి మణికట్టుకి కట్టు, గడ్డం మీద గీరుకుపోయిన చారిక. ట్రాలీ ఆగకముందే అరుపులు మొదలయ్యాయి.

"కొండ మలుపులో ఉన్నానయ్యా! మంచు కమ్ముకుని ఉంది. ఒక్కసారిగా దీపాలన్నీ పోయాయి. నువ్వు వేసినవీ పోయాయి, బండివీ పోయాయి. ఎటు తిప్పానో నాకే తెలీదు. రాళ్ళలో పడ్డాను. ఇటు పడ్డాను కాబట్టి సరిపోయింది, అటు పడితే ఏమయ్యేది?"

మెకానిక్కులు చేతిలో పనులు ఆపేశారు. టీ అమ్మేవాడు గ్లాసులు వదిలేసి రోడ్డు దాటి వచ్చాడు. పంచర్ల తాత లేచి నిలబడ్డాడు. రేకు వెనక నుంచి ఆమె కూడా వచ్చింది. వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, ట్రాలీ మీదే బండి హెడ్‌లైట్ గిన్నె విప్పింది. కాలిన తోలు వాసన గుప్పున కొట్టింది. హెడ్‌లైట్ వైరు తోలు కరిగి పక్క వైరుకి అంటుకుపోయింది. రెండూ కలవగానే ఫ్యూజు ఎగిరిపోయి ఉంటుంది. బండి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ఫ్యూజే. ఆమె వేసిన అతుకు మాత్రం చెక్కుచెదరలేదు.

"చెప్పు మేస్త్రీ, ఇదేనా మీ పని?" అన్నాడు మాస్టారు.

మరిది మాస్టారి మొహంలోకి చూశాడు. ఆయన ఏదో అనాలని కాచుకున్నట్టు చూశాడు. మాస్టారు చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. అప్పుడు మరిది అన్నాడు:

"నేను కాదండీ. మా వదిన చేసింది."

తొమ్మిదేళ్ళలో ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఎన్ని బళ్ళు వెలిగించింది! ఎంతమంది రేకు అవతల నిలబడి, నీ చేతిలో ఏదో ఉంది మేస్త్రీ అని అతన్ని మెచ్చుకుని పోయారు! ఒక్కసారి, ఒక్కరితోనైనా అంటాడేమోనని ఆమె చెవులు రిక్కించిన రోజులున్నాయి. అన్నాడు, ఇవాళ. పైగా అది అబద్ధం కూడా కాదు. ఆమే చేసింది. ఏమని కాదంటుంది?

"ఏంటి వదినా, మనిషి ప్రాణం కదా," అన్నాడు టీ అమ్మేవాడు, ఎంతో బాధపడుతున్నట్టు. పంచర్ల తాత నాలుక చప్పరించాడు. ఆమె గిన్నె మళ్ళీ మూసి, రెండు మరలూ బిగించి, కిందికి దిగింది.

"బండి మా ఇంటి దగ్గర దింపించు. ఇంకెక్కడైనా చూపించుకుంటాను," అన్నాడు మాస్టారు. ఆమె వైపు చూడలేదు.

మధ్యాహ్నం మరిది రేకు వెనక్కి వచ్చాడు. వచ్చినవాడు కాసేపు వైరు చుట్టలు లెక్కపెడుతున్నట్టు గోడ వైపు చూశాడు.

"సోమవారం నుంచి కొత్తాయన వస్తున్నాడు వదినా. వైరింగు తెలిసినవాడు. నువ్వు కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు. అన్నయ్యని చూసుకో."

"కొన్నాళ్ళంటే?"

"కొన్నాళ్ళే. నీ మీద కోపం కాదు. ఆ బడి మాస్టార్ల బండ్లు పద్నాలుగు మన దగ్గరికే వస్తున్నాయి. మాస్టారు ఒక్క మాటంటే అన్నీ పోతాయి. ఏదో ఒకటి చేశానని ఆయనకి కనపడాలి కదా."

"కలిపెయ్యమన్నది ఎవరయ్యా?"

"అదంతా ఇప్పుడెందుకు వదినా," అని మాట దాటేసి వెళ్ళిపోయాడు. ఆమె చాలాసేపు స్టూలు మీద అలాగే కూర్చుంది. ఇల్లు గడిచేది ఈ స్టూలు మీదే. అది ఒక బాధ. అంతకు మించిన బాధ ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. ఈ చేతులకి తెలిసిన పని ఇదొక్కటే. చేతకానిదానిలా దాన్నుంచి తోసేస్తున్నారు.

*

మొగుడికి చెప్పకుండా రెండు రోజులు తోసేసింది. శనివారం సాయంత్రం ఆయన మామూలుగా, ఇవాళ ఏం బళ్ళని అడిగాడు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. రిలే వెయ్యలేదని, వేశానని అబద్ధం చెప్పానని, మాస్టారు పడ్డాడని, సోమవారం నుంచి తనకి పని లేదని.

ఆయన మూసుకున్న కళ్ళు తెరిచాడు.

"మీ తమ్ముడు కలిపెయ్యమన్నాడు," అంది.

"వాడన్నాడు, సరే. తోలు ఒలిచిన చెయ్యి ఎవరిది?"

ఆమెకి ఏడుపొచ్చింది. గురువారం నుంచి రానిది ఇప్పుడొచ్చింది. "నాదే," అంది. "వద్దని తెలుసు. ఓపిక లేకపోయింది. ఎన్నిసార్లని వాదించను? ఒక్కసారికి పోనీలే అనుకున్నాను."

ఆయన చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. ఓదార్పు మాటలు ఆయనకి ఎప్పుడూ రావు. కాసేపటికి వంగి, మంచం కింద నుంచి తుప్పు పట్టిన రేకు డబ్బా బయటికి లాగాడు. పాత బళ్ళలోంచి తీసిన సామానంతా అందులో ఉంటుంది. ఒక్కో రిలేనీ చేతిలోకి తీసుకుని, దాని కాళ్ళు వేళ్ళతో తడిమి, గోడ గడియారం పక్కనున్న చిన్న బ్యాటరీ తెమ్మన్నాడు. ఆమె వైర్లు తగిలించింది. రిలే టిక్కుమంది. ఆయన తల అడ్డంగా ఊపి పక్కన పడేశాడు. రెండోదీ టిక్కుమంది, అదీ పనికిరాదన్నాడు. ఆమె చెవికి రెండూ ఒకలాగే ఉన్నాయి. నాలుగోదాని దగ్గర ఆయన మొహం తేటపడింది.

"ఇది. లోపల బిళ్ళ శుభ్రంగా తగులుతోంది. రేపు ఆదివారం కదా, ఆయన ఇంట్లోనే ఉంటాడు. వెళ్ళి వేసి రా."

"వేసినా మీ తమ్ముడు నన్ను మళ్ళీ రానివ్వడు."

"వాడి కోసం కాదు. ఆయన మళ్ళీ కొండెక్కాలి కదా," అన్నాడు.

*

తలుపు మాస్టారి భార్య తీసింది. ఎవరన్నట్టు చూసింది. "మాస్టారి బండికి దీపాలు వేసింది నేనేనమ్మా. పాడు చేసింది సరిచేసి పోదామని వచ్చాను," అంది ఆమె. ఆవిడ లోపలికి వెళ్ళి ఏదో గుసగుసలాడింది. కాసేపటికి మాస్టారు వచ్చాడు. వద్దనాలనే వచ్చినట్టున్నాడు. కాని మూడు రోజులుగా ఏ మెకానిక్కూ ఇంటికి వచ్చి చూస్తానన్నట్టు లేదు. బండి వసారాలో దుమ్ము పట్టి ఉంది. "కానివ్వండి," అని అక్కడే కుర్చీ వేసుకుని, పిల్లల పరీక్ష కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాగితాల మీద కన్నా ఆమె చేతుల మీదే కన్ను ఎక్కువసేపు ఉంది.

ఆమె కరిగిన వైర్లు రెండూ కత్తిరించి, కొత్త ముక్కలు వేసి, ముందు బండిని దాని మామూలు స్థితికి తెచ్చింది. తరవాత సీటు విప్పింది. బ్యాటరీ పక్కన బోల్టుకి రిలే బిగించింది. బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్రవైరు, జానెడు దూరంలో ఫ్యూజు గూడు, అక్కడి నుంచి రిలేకి. రిలే నుంచి ఇంకో లావు వైరు ట్యాంకు కిందుగా, ఇంజను వేడి తగలకుండా, అరచెయ్యంత ఎడంలో ఒక్కో క్లిప్పు పెట్టుకుంటూ ముందుకి నడిపించింది.

"ఇన్ని వైర్లెందుకమ్మా? అప్పుడు ఒక్కటే వేశారుగా," అన్నాడు మాస్టారు.

"ఒక్కటే వేసినందుకే కదండీ కాలింది. దీపాలు రెండూ ఎనభై వాట్లు. బ్యాటరీ పన్నెండు వోల్టులు. ఎనభైని పన్నెండుతో భాగించండి."

"ఆరున్నర. కొంచెం ఎక్కువే."

"హెడ్‌లైట్ వైరు ముందే తన మూడు ఆంపియర్లు మోస్తోంది. దాని మీద ఈ ఆరున్నర ఎక్కించాం. ఆ వైరు వయసులో నాతో సమానం. ఎంతకని మోస్తుంది?"

మాస్టారు నవ్వబోయి ఆగిపోయాడు. చేతిలో ఎర్ర పెన్ను మూత పెట్టాడు. "భాగహారం," అన్నాడు నెమ్మదిగా. "అయిదో తరగతి పిల్లాడు చేస్తాడు." ఆమె స్విచ్చి వైరు చివర ఒలుస్తోంది.

"ఆ రోజు మీ మరిది నాకు చెప్పాడమ్మా."

ఆమె తల ఎత్తింది.

"మా వదిన రిలే లేకుండా వెయ్యనంటోంది, రేపు రండి మాస్టారూ, అన్నాడు. రెండుసార్లు చెప్పాడు. నేనే నవ్వాను. మీ వదిన భయాల కోసం నా బడి ఆగుతుందా, కలిపెయ్యమను, అన్నాను."

ఆమె వేళ్ళు వాటంతట అవే రెండు వైర్లనీ మెలిపెట్టాయి, కడ్డీ అందుకున్నాయి, సోల్డరు పెట్టాయి. పెట్టాక చూసుకుంటే స్లీవు ఎక్కించలేదు. వైర్లు కలపకముందే ఎక్కించాల్సిన గొట్టం అది, కలిపాక ఇక పట్టదు. పని నేర్చుకునేవాళ్ళు చేసే పొరపాటు. ఆమె ఆ అతుకుని కత్తెరతో తుంచి పారేసింది.

"గురువారం షాపులో మరి?" అంది చివరికి.

"దెబ్బ తిని ఉన్నాను. భయపడి ఉన్నాను. మీ మరిది నా వైపు చూశాడు. నేను చెబుతానేమోనని చూశాడు, నాకు తెలుస్తూనే ఉంది. తప్పు నాదేనని అంతమందిలో ఎలా అనను? నోరు రాలేదు. ఇంతలో మీ పేరెత్తాడు. సరే, అలాగే పోనీ అనుకున్నాను."

గుమ్మంలో నిలబడి ఉన్న ఆయన భార్య మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. కత్తెర చేతిలో ఉన్న ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే సామాను సంచిలో వేసుకుని వెళ్ళిపోవాలనిపించింది. ఇంకా ఒక్క అతుకే ఉంది. అది వెయ్యకుండా పోతే దీపాలు వెలగవు. ఈయన రేపు ఎలాగూ కొండెక్కుతాడు, దీపాలున్నా లేకపోయినా ఎక్కుతాడు, ఆ రకం మనిషే. ఆమె కొత్త స్లీవు ముక్క కోసి, ముందు దాన్ని ఎక్కించి, తరవాత వైర్లు కలిపింది.

స్విచ్చి వేసింది. సీటు కింద రిలే టిక్కుమంది. దీపాలు వెలిగాయి. పది నిమిషాలు ఆగి వైర్లన్నీ వరసగా పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి. బండిని గోడకి ఎదురుగా నిలబెట్టి, వెలుగు నడుము ఎత్తుకి మించకుండా దీపాలు కిందికి వంచి బిగించింది. మంచులో దీపం పైకి చూస్తే ఆ వెలుగంతా తెల్లగోడలా మన కళ్ళలోకే తిరిగొస్తుందని మాస్టారికి చెప్పింది. ఆయన బుద్ధిగా విన్నాడు.

"రేపు బడికి వెళ్తూ షాపు ముందు ఆగండి మాస్టారూ. ఇందాక నాతో అన్నది అక్కడ అనండి."

మాస్టారు మొహం ముడుచుకుంది. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా? మీ మరిదికి ఫోన్ చేసి చెబుతాలే."

"అతనికి తెలిసిందే కదండీ. తెలియంది మిగతావాళ్ళకి."

"చూద్దాం," అన్నాడాయన.

*

సోమవారం మంచు వీధుల్లోకి కూడా దిగింది. ఆమె షాపు తెరిచే వేళకి వెళ్ళి టీ బండి దగ్గర నిలబడింది. రేకు వెనక లైటు వెలుగుతోంది. కొత్తాయన ఆమె స్టూలు మీద కూర్చుని ఏదో విప్పుతున్నాడు. మరిది ఆమెని చూసి తడబడ్డాడు.

"ఏంటి వదినా, ఇంత పొద్దున్నే?"

"పనికి రాలేదులే. కాసేపు నిలబడి పోతాను."

టీ అమ్మేవాడు ఆమె మొహం చూడకుండా గ్లాసు అందించాడు. టీ సగం అయ్యేసరికి వీధి చివర మంచులో రెండు పసుపు వెలుగులు కనపడ్డాయి. రెండూ ఒక ఎత్తులో, కిందికి వంగి, ఎక్కడా వణక్కుండా వస్తున్నాయి. ఒక్క క్షణం ఆమె మిగతాదంతా మరిచిపోయింది. బాగా కుదిరాయి అనుకుంది.

దగ్గరికొచ్చినా బండి వేగం తగ్గలేదు. పైగా రోడ్డుకి అవతలి అంచుకి జరిగింది. హెల్మెట్టు నిటారుగా ముందుకే చూస్తోంది. ఆగడని ఆమెకి అర్థమైపోయింది. చూద్దాం అంటే ఇదన్నమాట.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి రోడ్డు మధ్యకి నడిచింది. చెయ్యెత్తలేదు, కేకెయ్యలేదు. ఊరికే వెళ్ళి నిలబడింది. వెలుగు ముందు ఆమె చెప్పుల మీద పడింది, తరవాత మోకాళ్ళ దాకా పాకింది. వెనక నుంచి మరిది, "వదినా!" అని అరిచాడు. బ్రేకులు కీచుమన్నాయి. బండి ఆమెకి నాలుగడుగుల దూరంలో ఆగింది.

"ఆగమన్నాను కదా మాస్టారూ," అంది.

మాస్టారు హెల్మెట్టు అద్దం పైకెత్తాడు. షాపు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ఆయన వాళ్ళని చూశాడు, ఆమెని చూశాడు. వెనక ఒక ఆటో హారను కొట్టింది. ఆయన తాళం తిప్పి ఇంజను ఆపాడు. హెల్మెట్టు పూర్తిగా తీసేశాడు.

"దీపాలకి రిలే కావాలని ఈవిడ మొదటే చెప్పింది," అన్నాడు. చివరి బెంచీకి కూడా వినపడాలని మాట్లాడే గొంతు అది. "మేస్త్రి ఆ మాట నాకు చెప్పాడు. అవసరం లేదు, కలిపెయ్యమన్నది నేను. పడింది నా తొందర వల్ల. నిన్న ఈవిడ మా ఇంటికొచ్చి మళ్ళీ అంతా వేసింది."

ఆటోవాడు హారను ఆపేశాడు. మాస్టారు హెల్మెట్టు పెట్టుకుని, "వస్తానమ్మా, బడికి వేళవుతోంది," అని ఆమెతో మాత్రమే అని, బండి తీసుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

ఇలా జరిగితే గుండె తేలికవుతుందని ఆమె రాత్రంతా అనుకుంది. ఏమీ కాలేదు. ఎక్కడైనా కూర్చుంటే చాలనిపించింది. టీ అమ్మేవాడు బల్ల తుడిచి జరిపాడు. ఆమె కూర్చుంది. మరిది వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆయన చెబుతాడని చూశాను వదినా. ఆయన చెప్పలేదు. నాకూ ధైర్యం చాల్లేదు."

అతన్ని తిట్టడానికి ఆమె దగ్గర తొమ్మిదేళ్ళ మాటలున్నాయి. మొహం చూస్తే అతనూ అలిసిపోయి ఉన్నాడు. అచ్చం ఆ రోజు స్పానరు అందుకున్న తన మొహంలాగే ఉంటుందేమో అనిపించింది.

"నీకు ధైర్యం లేక నా పేరు చెప్పావు. నాకు ఓపిక లేక కలిపేశాను. పడింది ఆ మనిషి," అంది. "అది మనిద్దరం మోయాల్సిందే."

మరిది తలొంచుకున్నాడు.

"ఆ కొత్తాయన్ని ఇంజన్ల వైపు పెట్టుకో. డజను రిలేలు తెప్పించు. అవి వచ్చేదాకా నేను స్టూలెక్కను. ఇంకెప్పుడూ నాతో కలిపెయ్యమని అనకు. ఎవరు చెప్పినా వెయ్యను. మాస్టారు చెప్పినా, నువ్వు చెప్పినా."

మరిది అటూ ఇటూ చూశాడు. మెకానిక్కుల్లో ఒకడు, నేను వెళ్ళి తెస్తాను మేస్త్రీ అన్నాడు. మరిది వద్దని చెప్పి, చేతులు తుడుచుకుని, తనే బండి తీసి వెళ్ళాడు.